18 నిండిన బాబుకి గార్డియన్‌షిప్, పని

అమ్మా, మీ బాబుకి 18 నిండాయి, మేధో వైకల్యం, బ్యాంకులో మీ సంతకం చెల్లదంటున్నారు, బడి అయ్యాక పనిలో ఎలా పెట్టాలి అని అడిగారు.

18 దాటితే కన్నవాళ్లు కూడా చట్టరీత్యా గార్డియన్లు (సంరక్షకులు) కారు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, జిల్లా కలెక్టర్ అధ్యక్షతన ఉండే లోకల్ లెవెల్ కమిటీకి, గార్డియన్‌గా నియమించమని ఫారం-ఎ లో దరఖాస్తు పెట్టండి. వైకల్య సర్టిఫికెట్‌లో (సదరం వంటిది), ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. తేడా ఉంటే ఫైలు అక్కడే ఆగిపోవచ్చు.

పని విషయానికొస్తే, సికింద్రాబాద్ బోయినపల్లి మనోవికాస్ నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీలో (మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ) వృత్తి సామర్థ్యం అంచనా వేయించండి. బాబుకి ఏది ఇష్టమో కూడా అడగండి, అది చాలా ముఖ్యం. ఈ పిల్లల ఉద్యోగం పోయేది తరచూ చేతిపని రాక కాదు, ప్రయాణం, సమయం కుదరక. అందుకే బస్సులో వెళ్లడం ఇప్పుడే నేర్పడం మొదలుపెట్టండి: ఒకటే రూటు, ఒకటే టైము. మొదటివారం పక్కనే కూర్చోండి, తర్వాత వెనక సీట్లో, ఆపైన స్టాపు దగ్గర ఎదురుచూడండి. రూటు తప్పితే ఫోన్ ఎలా చేయాలో కావాలనే ఒకసారి ప్రాక్టీసు చేయించండి. పనిచోట సూచనలిచ్చే మనిషి ఒక్కరే ఉండాలని యజమానికి ముందే చెప్పండి.