గోడ హీటర్లు, నేల హీటర్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఒక పాత అపార్ట్‌మెంట్‌లో అద్దెకు ఉంటున్నాము. హాల్లో గోడలో బిగించిన గ్యాస్ హీటర్ ఉంది. రాజమండ్రి నుంచి వచ్చిన మా అమ్మగారు పగలంతా ఇంట్లోనే ఉంటారు కాబట్టి తలుపులన్నీ మూసి హీటర్ వేసే ఉంచుతున్నాము. పది రోజులుగా ఆవిడ తలనొప్పి, వికారం అంటున్నారు. సాయంత్రం పార్కుకు తీసుకువెళితే తగ్గుతోంది. ఇక్కడి వాతావరణం పడకపోవడమేనా?

జవాబు: మీ ఉత్తరం అందిన రోజే ఫోన్‌లో చెప్పిన సంగతిని, మిగతా పాఠకులకు కూడా అవసరమని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. బయటికి వెళితే తగ్గుతోందన్న మీ మాటే నన్ను కలవరపెట్టింది. జ్వరం లేకుండా తలనొప్పి, తల తిరగడం, వికారం కలిగి, ఇల్లు దాటగానే తెరిపి ఇస్తే ముందుగా అనుమానించవలసింది కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును. దానికి రంగు లేదు, వాసన లేదు. తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకోకూడదని మన పెద్దలు చెప్పేది ఈ వాయువు గురించే. అలాంటి అనుమానం వస్తే అందరూ వెంటనే ఇంటి బయటికి వచ్చి, అక్కడి నుంచే 911కు ఫోన్ చేయాలి. వైద్యుడి దగ్గర కూడా ఈ అనుమానాన్ని నోరు తెరిచి చెప్పాలి. చెప్పకపోతే మామూలు ఫ్లూ అనుకునే ప్రమాదం ఉంది.

ఈ హీటర్‌లో మంట ఒక లోహపు గదిలో మండుతుంది. అందులోని పొగ గొట్టం గుండా కప్పు మీదికి పోతుంది, ఇంట్లోని గాలి ఆ గది వెలుపలి గోడలను తాకి వేడెక్కుతుంది. ఈ రెండు దారులు కలవనంత వరకు భయం లేదు. ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారుతూ ఆ లోహం బీటలు వారినా, గొట్టంలో పిట్ట గూడు కట్టినా పొగ ఇంట్లోకి మళ్లుతుంది. మంట నీలంగా, నిలకడగా ఉండాలి. పసుపుపచ్చగా ఊగుతున్నా, హీటర్ పైన గోడకు మసి కనిపిస్తున్నా వెంటనే ఆపించండి. మన ఇళ్లలో మరొక సంగతి కూడా గమనించాలి. పోపు ఘాటు పోవాలని వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ను జోరుగా తిప్పుతూ కిటికీలన్నీ బిగిస్తే, బయటికి పోయిన గాలికి బదులు గాలి హీటర్ గొట్టంలోంచే కిందికి దిగవచ్చు, దానితో పాటు పొగ కూడా దిగవచ్చు. ఫ్యాన్ తిరిగినంతసేపు ఒక కిటికీ కొద్దిగా తెరిచి ఉంచండి.

ఇంటి యజమానికి లిఖితపూర్వకంగా తెలిపి, తనిఖీ పూర్తయ్యే వరకు హీటర్ వెలిగించకండి. మీ ప్రాంతానికి గ్యాస్ సరఫరా చేసే పీజీ అండ్ ఈ సంస్థను అడిగితే గ్యాస్ పరికరాలను ఉచితంగా పరీక్షిస్తారు. కాలిఫోర్నియాలో గ్యాస్ పరికరాలున్న అపార్ట్‌మెంట్లలో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలన్న నిబంధన 2013 జనవరి 1 నుంచి అమలులో ఉంది. గోడకు ఏదో తెల్లని డబ్బా ఉందని ఊరుకోకుండా, అది పొగను మాత్రమే పసిగట్టేదా, ఈ వాయువును కూడా పసిగట్టేదా అని దాని మీద చదివి చూడండి. వెనుక ముద్రించిన గడువు దాటితే మార్పించండి. కీచుమంటోందని బ్యాటరీ తీసి పక్కన పడేసిన ఇళ్లను నేను చూశాను. దయచేసి ఆ పని చేయకండి.

ప్రశ్న: ఓక్‌లండ్‌లో మేము తీసుకున్న పాత ఇంట్లో హీటర్ నేల కింద ఉంది, దాని ఇనుప గ్రిల్ హాలు మధ్యలో ఉంది. మా బాబుకు పది నెలలు, పాకుతున్నాడు. గ్రిల్ మీద తివాచీ వేయవచ్చా?

జవాబు: వేయకూడదు, నిప్పు అంటుకుంటుంది. నేల హీటర్‌లో వేడి నేరుగా ఆ గ్రిల్ గుండా పైకి వస్తుంది. మన ఇళ్లలో పెద్దలూ పిల్లలూ చెప్పులు లేకుండా తిరుగుతారు కనుక ప్రమాదం మరీ ఎక్కువ. పసివాడి అరచేయి క్షణం ఆనినా గ్రిల్ గళ్లు చర్మం మీద అచ్చుపడేలా కాలుతుంది. చుట్టూ కొంత ఎడం ఉంచి, కదలకుండా బిగించిన లోహపు కంచె పెట్టించండి. అది కుదరకపోతే బాబు కాస్త పెద్దయ్యే వరకు ఈ హీటర్‌ను ఆపి, నూనె నింపిన విద్యుత్ రేడియేటర్ వాడుకోండి, దానిని కూడా బాబు చేతికి అందనంత దూరంలో ఉంచండి. 1500 వాట్ల రేడియేటర్ 120 వోల్టుల మీద పన్నెండున్నర ఆంపియర్లు లాగుతుంది కాబట్టి ప్లగ్‌ను గోడలోని సాకెట్‌కే పెట్టాలి, ఎక్స్‌టెన్షన్ తీగ వాడకూడదు. తడి బట్టలు, పరుపులు ఏ హీటర్‌కైనా మూడు అడుగుల దూరంలో ఉండాలి.

చలికాలం మొదలయ్యే ముందు గ్యాస్ ఆపి, పూర్తిగా చల్లారాక గ్రిల్ మీది దుమ్ము, వెంట్రుకలు వాక్యూమ్‌తో తీయండి. లోపలి బర్నర్ జోలికి మాత్రం మీరు వెళ్లవద్దు, అది మెకానిక్ పని. మొదటిరోజు కాసేపు వచ్చే మాడు వాసన దుమ్ముది. కుళ్లిన గుడ్ల వాసన వస్తే అది గ్యాస్, అప్పుడు ఏ స్విచ్చూ ముట్టకుండా బయటికి రండి. వానలకు నేల కిందికి నీరు చేరి హీటర్ తడిసి ఉంటే, మెకానిక్ చూసేవరకు వెలిగించవద్దు.

ప్రశ్న: మా గ్యాస్ హీటర్‌లో పైలట్ లైట్ (బర్నర్‌ను అంటించే చిన్న మంట) మాటిమాటికి ఆరిపోతోంది. నేనే వెలిగించుకోవచ్చా?

జవాబు: హీటర్ మీద అంటించిన సూచనల ప్రకారం, గ్యాస్ ఆపి, కనీసం ఐదు నిమిషాలు ఆగి, గ్యాస్ వాసన లేదని చూసుకున్నాక ఒకసారి వెలిగించవచ్చు. మళ్లీ ఆరితే చాలాసార్లు థర్మోకపుల్ పాడై ఉంటుంది. మంట లేనప్పుడు గ్యాస్‌ను ఆపే భాగం అదే కాబట్టి దానిని తప్పించి హీటర్ నడిపిస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, కొత్తది వేయించండి.