పెట్టె మీది అంకె చూసి ఆంప్ కొనకు

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నీ కారు స్పీకర్లకని నువ్వు వాట్సాప్‌లో పంపిన ఆంప్, అదే యాంప్లిఫయర్, ఫొటో చూశాను. పెట్టె మీద 3000 వాట్లని ఎర్రటి అక్షరాలు. దాని వెనకాల ఫ్యూజు చూశావా? 30 ఆంపియర్లు. ఇంజన్ నడుస్తున్నప్పుడు కారులో ఉండేది 14 వోల్టులు. 14ని 30తో గుణించు, 420. లోపలికి వెళ్లేదే 420 వాట్లైతే బయటికి 3000 ఎక్కణ్నుంచి వస్తాయిరా? ఆ 420లోనూ కొంత వేడికి పోతుంది. డబ్బు ఇంకా కట్టలేదన్నావు, బతికిపోయావు.

పెట్టె మీద పెద్దగా రాసేది మ్యాక్స్ పవర్. మనకు కావాల్సింది ఆర్‌ఎంఎస్, అంటే నిలకడగా ఇచ్చే పవర్. అది లోపలి కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. స్టీరియోదీ అదే కథ. 50 ఇంటూ 4 అని రాస్తారు, నిజానికి ఒక్కో ఛానెల్‌కి, అంటే ఒక్కో స్పీకర్ దారికి, 20 వాట్లు అటూ ఇటూ వస్తాయి.

నీ స్విఫ్ట్ డోర్లలో వేయాలనుకున్న ఆరున్నర అంగుళాల స్పీకర్లు 60 వాట్ల ఆర్‌ఎంఎస్, 4 ఓమ్స్ (కరెంటుకి స్పీకర్ పెట్టే అడ్డు) అన్నావు. వాటికి 4 ఓమ్స్ దగ్గర ఛానెల్‌కి 60 నుంచి 75 ఆర్‌ఎంఎస్ ఇచ్చే ఫోర్ ఛానెల్ ఆంప్ చూడు. కాస్త ఎక్కువైతే కాలిపోతాయని భయపడుతున్నావు. నేను ఎక్కువగా చూసింది చిన్న ఆంప్‌తో కాలినవే. దాని సత్తా అయిపోయాక కూడా వాల్యూమ్ తిప్పుతూ పోతే సౌండ్ తల తెగినట్టు వస్తుంది. దాన్ని క్లిప్పింగ్ అంటారు. అప్పుడు స్పీకర్ లోపలి తీగచుట్ట, అదే కాయిల్, చల్లారే తెరిపి ఉండదు, ముందు ట్వీటర్లు, అంటే సన్నటి శబ్దాలిచ్చే చిన్న స్పీకర్లు, పోతాయి. పని నేర్చుకునే రోజుల్లో ఒకాయన కారుకి అలాగే చిన్న ఆంప్ బిగించాను. ట్వీటర్లు పోతే స్పీకర్లే నాసిరకం అని బుకాయించి వేరే జత వేశాను. వారం తిరక్కుండా అవీ పోయాయి. ఆ రెండో జత డబ్బులు నా జీతంలోంచే పోయాయి.

ఇంక ఓమ్స్. ఇక్కడే ఆంప్‌లు తగలడతాయి. ఓమ్స్ తగ్గేకొద్దీ ఆంప్ మీద బరువు పెరుగుతుంది. రెండు 4 ఓమ్స్ స్పీకర్లని ప్యారలల్‌గా కలిపితే 2, సిరీస్‌లో కలిపితే 8. ఆంప్‌ని బ్రిడ్జ్ చేస్తే, అంటే రెండు ఛానెళ్లు కలిపి ఒకే స్పీకర్‌కి ఇస్తే, ఒక్కో ఛానెల్‌కి స్పీకర్ ఓమ్స్‌లో సగమే ఉన్నట్టు లెక్క. అందుకే బ్రిడ్జ్‌లో 4కి తగ్గకూడదని చాలా ఆంప్‌ల మీద రాసే ఉంటుంది. నువ్వు చెప్పిన పది అంగుళాల సబ్, అదే బాస్ ఇచ్చే సబ్‌వూఫర్, 250 ఆర్‌ఎంఎస్, డ్యూయల్ 4 కాయిల్, అంటే 4 ఓమ్స్ కాయిళ్లు రెండు. ఆ రెండు కాయిళ్లని ప్యారలల్ చేస్తే 2 ఓమ్స్. కాబట్టి 2 ఓమ్స్ దగ్గర 250, 300 ఇచ్చే మోనో ఆంప్, అంటే ఒకే ఛానెల్‌ది, సరిపోతుంది. కొనేముందే ఈ లెక్క కాగితం మీద వేసుకో. డ్యూయల్ 2 సబ్ తెచ్చుకుంటే అది 1 ఓమ్ గానీ 4 గానీ అవుతుంది తప్ప 2 అవ్వదు.

పాత సబ్ తీసుకుంటే మల్టీమీటర్ పట్టుకెళ్లు. 4 ఓమ్స్ కాయిల్ మీటర్‌లో 3.2 నుంచి 3.8 దాకా చూపిస్తుంది, కంగారు పడకు. కోన్‌ని నాలుగు వేళ్లతో సమంగా లోపలికి నొక్కు. కరకరమని రాసుకుంటే కాయిల్ పాడైనట్టే. ముక్కు దగ్గర పెట్టి వాసన కూడా చూడు. కాలిన వార్నిష్ వాసన ఎన్నాళ్లైనా పోదు.

గెయిన్ అనే స్క్రూ వాల్యూమ్ కాదు. స్టీరియో నుంచి వచ్చే సిగ్నల్‌కి ఆంప్‌ని సరిచేసేది. స్పీకర్ వైర్లు విప్పెయ్, గెయిన్ కనిష్ఠానికి తగ్గించు, బాస్ బూస్ట్ సున్నా చేయి. సన్నటి, లావు శబ్దాల్ని విడదీసే ఫిల్టర్లు ఆఫ్, సబ్ ఆంప్‌కి ఆఫ్ లేకపోతే లో పాస్ (లావు శబ్దాన్నే పోనిచ్చేది) పైకి తిప్పు. వాల్యూమ్ ముప్పావు దగ్గర పెట్టి సబ్‌కి 50 హెర్ట్జ్ టోన్ (ఒకే శ్రుతిలో మోగే శబ్దం), డోర్లకి 200 టోన్ వేయి. డోర్లకి 1000 టోన్ వేసేవాళ్లున్నారు గానీ, చవక మీటర్లు 400 హెర్ట్జ్ దాటితే ఏసీ వోల్టులు సరిగ్గా చూపించవు. మీటర్ ఏసీ వోల్టుల్లో పెట్టి, ఆంప్ స్పీకర్ టెర్మినళ్ల మీద పట్టి, గెయిన్ మెల్లగా తిప్పుతూ పో. వాట్లని ఓమ్స్‌తో గుణించి వర్గమూలం తీస్తే ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. డోర్లకి 60 ఇంటూ 4, అంటే 240, దాని వర్గమూలం 15.5 వోల్టులు. సబ్‌కి 250 ఇంటూ 2, 22.4 వోల్టులు. అక్కడ ఆపేసి, ఇక ఆ స్క్రూ ముట్టుకోకు. నీ ఫ్రెండ్స్‌ని కూడా ముట్టనివ్వకు. తర్వాత ఫిల్టర్లు 80 హెర్ట్జ్ దగ్గర పెట్టుకో, డోర్లకి హై పాస్ (సన్నటి శబ్దాన్నే పోనిచ్చేది), సబ్‌కి లో పాస్.

వైరు విషయంలో పీనాసితనం చేయకు. రెండు ఆంప్‌లకి 4 గేజ్ మందం, అసలు రాగి. అల్యూమినియం మీద రాగి పూత వేసినది చవగ్గా దొరుకుతుంది, బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. బ్యాటరీ నుంచి అర మీటరు లోపే ఫ్యూజు పడాలి. అది ఆంప్‌ని కాదు, వైరు అంటుకోకుండా కారుని కాపాడేది. ఎర్త్ వైరు పొట్టిగా ఉండాలి, పెయింటు గీకి మెరిసే రేకు మీద బిగించు. సిగ్నల్ వైరు ఒక పక్క, పవర్ వైరు ఇంకో పక్క లాగు. లేదంటే యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా స్పీకర్లో ఈల వినపడుతుంది.

కారు వైరింగ్ కోయించకు, కోయకుండా తగిలించుకునే కప్లర్లు దొరుకుతాయి. ఆదివారం పొద్దున్నే ఆటోనగర్ షాపుకి వచ్చెయ్. డోర్ ప్యాడ్ క్లిప్పులు ఓ డజను తెచ్చుకో, విప్పేటప్పుడు ఎలాగూ రెండు మూడు విరుగుతాయి.

మీ మామయ్య