ఆడబిడ్డకో సూది, నాకో సూదా?

ప్రశ్న: నాకు 28 ఏండ్లు. పీసీఓడీ ఉంది. కడపలో ఐవీఎఫ్ చేయించుకుంటున్నా. స్కానింగులో రెండు పక్కలా కలిపి ఇరవైకి పైగా ఫాలికల్స్ (గుడ్లు పెరిగే నీటి తిత్తులు) కనిపించాయి. గుడ్లు ముందే విడుదల కాకుండా రోజూ సెట్రోటైడ్ సూది వేస్తున్నారు. మా ఆడబిడ్డకు ట్రిగ్గర్‌గా, అంటే గుడ్లు పక్వానికి తెచ్చే చివరి సూదిగా, హెచ్‌సీజీ 10,000 యూనిట్లు వేసి, అదే నెలలో పిండాన్ని లోపల పెట్టారు. నాకేమో డెకాపెప్టిల్ వేస్తారంట, పిండాలన్నీ ఫ్రీజ్ చేస్తారంట. డబ్బులు గుంజడానికే అంటోంది మా అత్త. ఇంకోటి, సూది సోమవారం రాత్రి పదింటికి వేయాలన్నారు. మా ఆయన బంగారం అంగడి మూసి వచ్చేసరికి పదిన్నర దాటుతుంది. అరగంట అటూ ఇటూ అయితే ఏమవుతుంది?
– పేరు వద్దు, ప్రొద్దుటూరు

జవాబు: ఫ్రీజింగుకు బిల్లు వేరే పడుతుంది, మీ అత్తగారి అనుమానం ఊరికే పుట్టలేదు. కానీ పీసీఓడీ, పైన ఇరవై ఫాలికల్స్ అని చదివాక, కర్నూలులో మీరు నా దగ్గరికి వచ్చి ఉంటే నేనూ ఆ సూదే రాసేదాన్ని.

గుడ్డు చివరి దశలో పక్వానికి రావాలంటే ఎల్‌హెచ్ అనే హార్మోను ఒక్కసారిగా పెరగాలి. హెచ్‌సీజీ ఆ ఎల్‌హెచ్ పనే చేస్తుంది, బాగా చేస్తుంది. తంటా ఏమిటంటే, పెళ్లయిపోయినా ఊరికి బయల్దేరని చుట్టంలా వారం దాకా ఒంట్లోనే ఉండి, అండాశయాలను కదిలిస్తూనే ఉంటుంది. ఫాలికల్స్ ఎక్కువున్న వాళ్లలో అవి ఉబ్బి, రక్తనాళాల్లోంచి నీరు ఊరి పొట్టలో చేరుతుంది. దీన్నే ఓహెచ్‌ఎస్‌ఎస్ అంటాం. ముదిరితే ఐసీయూ దాకా పోతుంది.

డెకాపెప్టిల్ దారి వేరు. అది మెదడు కిందున్న పిట్యూటరీ గ్రంథిని తట్టి, మీ సొంత ఎల్‌హెచ్‌నే బయటికి రప్పిస్తుంది. ఆ పొంగు ఒకటి, ఒకటిన్నర రోజుల్లో దిగిపోతుంది. అందుకే పొట్టలో నీరు చేరే ప్రమాదం బాగా తగ్గుతుంది, పూర్తిగా పోదు. అయితే ఎల్‌హెచ్ అంత త్వరగా దిగిపోవడం వల్ల గర్భసంచికి అందాల్సిన ఆసరా కూడా తగ్గి, అదే నెలలో పెడితే పిండం నిలిచే అవకాశం తగ్గుతుంది. పోనీ నిలిచిందే అనుకోండి, గర్భం నుంచే హెచ్‌సీజీ తయారవుతుంది, వద్దనుకున్న ముప్పు మళ్లీ మొదలు. ఫ్రీజింగు అడిగింది అందుకే. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో పెట్టిన పిండాలకు తొందరేం లేదు.

మీ ఆడబిడ్డకు ఫాలికల్స్ తక్కువ ఉండొచ్చు, లేదా లాంగ్ ప్రోటోకాల్ అయి ఉండొచ్చు. ఆ పద్ధతిలో పిట్యూటరీని ముందే నిద్రపుచ్చుతారు కాబట్టి డెకాపెప్టిల్‌తో తట్టినా లేవదు, హెచ్‌సీజీ తప్పదు. మీకు నడుస్తున్న సెట్రోటైడ్ పిట్యూటరీని అలా నిద్రపుచ్చదు కాబట్టి ఆ బెడద లేదు. కొందరికి రెండు సూదులూ కలిపి వేస్తారు, పోయినసారి పచ్చి గుడ్లు ఎక్కువ వచ్చిన వాళ్లకు ముఖ్యంగా. మీకు అదెందుకు వద్దన్నారో అడగండి. మీ అత్తగారిని కూడా వెంట తీసుకెళ్లి డాక్టరు ముందు కుర్చీలో కూర్చోబెడితే ఇంకా మంచిది.

ఇక టైము. ట్రిగ్గర్ వేసిన 34 నుంచి 36 గంటలకు గుడ్లు తీస్తారు. సోమవారం రాత్రి పదింటికి వేస్తే బుధవారం పొద్దున ఎనిమిది, పదింటి మధ్య. మరీ ముందు తీస్తే గుడ్లు పచ్చిగా వస్తాయి, మరీ ఆలస్యమైతే వాటంతటవే విడుదలైపోతాయి. అరగంట ఆలస్యానికి కొంప మునగదు, దాచిపెడితేనే చేటు. ఎన్నింటికి వేశారో ఉన్నదున్నట్టు ఫోన్ చేసి చెబితే ఆపరేషన్ థియేటర్ టైము జరుపుతారు. ఆయన కోసం ఎదురుచూడటం ఎందుకు? పొట్ట మీద చర్మం కింద వేసే సన్న సూది అది, నర్సు ఒకసారి చూపిస్తే మీరే వేసుకోవచ్చు. మందును డీప్ ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి, ఫ్రిజ్ కింది అర చాలు. వేసిన మర్నాడు ఎల్‌హెచ్ చూడటానికి రక్తం అడిగితే ఇవ్వండి, సూది పనిచేసిందో లేదో దాంతో తెలుస్తుంది.

గుడ్లు తీశాక రోజుకో కిలో బరువు పెరిగినా, మూత్రం తగ్గినా, ఆయాసం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా కడప బయల్దేరండి.