బుజ్జీ, ఆ బోర్డుకి ప్రీసెట్ మాత్రం పెట్టకు

బుజ్జీ,

ఉద్యోగం మానేసి బెంగళూరులోనే సొంతంగా బోర్డులు చేసిస్తున్నావట, మీ అమ్మ నిన్న ఫోన్‌లో ఏడుపు గొంతుతో చెప్పింది. నాకైతే గర్వంగానే ఉంది, ఆ మాట అక్కతో అనలేదులే. కానీ నీ మెసేజ్ చూశాక టెన్షన్ పట్టుకుంది. ఒక సిగ్నల్‌ని రెండు ఎదురెదురు సిగ్నళ్లుగా మార్చే ఆ డిఫరెన్షియల్ యాంప్లిఫయర్ బోర్డులో రెండు అవుట్‌పుట్లూ 2.5 వోల్టుల దగ్గర నిలవాల్సింది ఒకటి 2.53, ఇంకోటి 2.47 ఉన్నాయి, "ఓ ప్రీసెట్ పెట్టి సరిచేసేస్తా మామయ్యా" అన్నావు చూడు, స్క్రూడ్రైవర్‌తో తిప్పి విలువ మార్చే ఆ చిన్న రెసిస్టర్, అదీ నా భయం.

సప్లై, సోల్డరింగ్, అవుట్‌పుట్ల సగటు ఎంతుండాలో చెప్పే వీఓసీఎం పిన్ దగ్గర కెపాసిటర్ నీకు చెప్పక్కర్లేదు.

నీ రెండు అంకెల సగటు సరిగ్గా 2.5. అంటే ఆ సగటుని నిలబెట్టే చిప్ లోపలి కామన్ మోడ్ లూప్ తన పని చేస్తోంది. సగటే పక్కకి జరిగి ఉంటే వీఓసీఎం దగ్గర వెతకమనేవాణ్ణి. సగటు బాగుండి మధ్యలో ఎడం వచ్చిందంటే ఇన్‌పుట్ వైపు రెండు దారులూ సమానంగా లేవు. రెసిస్టర్లన్నీ 499 ఓములే పెట్టానంటావు. మరి సిగ్నల్ జనరేటర్ లోపలి 50, ఇన్‌పుట్ దగ్గర గ్రౌండ్‌కి నువ్వు పెట్టిన 54 ఓముల టెర్మినేషన్ రెసిస్టర్ ఎక్కడికి పోతాయమ్మా? రెండూ పారలల్‌లో 26. సిగ్నల్ దారి 525 అయింది, గ్రౌండ్‌కి కట్టిన దారి 499లోనే ఉంది. లెక్కేసుకో, అవుట్‌పుట్ల మధ్య ఎడం దాదాపు 60 మిల్లీవోల్టులు వస్తుంది.

మా పాత కంపెనీలో ఒకాయన, చేయి తిరిగినవాడే, ఇలాంటి బోర్డుకే ప్రీసెట్ పెట్టి, మీటరు సున్నా చూపించేదాకా తిప్పి, కదలకుండా నెయిల్ పాలిష్ చుక్క వేసి మరీ పంపేశాడు. కస్టమర్ దగ్గర సిగ్నల్ ఆప్ ఆంప్ బఫర్ నుంచి వచ్చేది, దాని రెసిస్టెన్స్ దాదాపు సున్నా. ఏమీ చేయకుండా వదిలేసి ఉంటే అక్కడ బ్యాలెన్స్ అయ్యేదే, ప్రీసెట్ పుణ్యమా అని అంత తేడా కూడా ఎదురు దిక్కున వచ్చింది. చిప్ మార్చారు, మళ్లీ మార్చారు. మా బెంచ్ మీదికి తెస్తే సున్నా, వాళ్ల దగ్గరికి వెళ్తే తేడా. చివరికి ఆర్డరే పోయింది. ఆయనకంటే నెల తిరిగేసరికి జీతం వచ్చింది, నీకెవరిస్తారే పిచ్చిపిల్లా?

అందుకే ముందు కస్టమర్‌ని అడుగు, సిగ్నల్ దేని నుంచి వస్తుందని. 50 ఓముల సోర్స్ అయితే గ్రౌండ్ వైపు దారిలో 523 పెట్టు, బఫర్ అయితే 499 అలాగే ఉంచు. సిగ్గుపడకు, అడిగితే పోయేదేం లేదు. రాత్రి రెండింటికి మెసేజ్ పెట్టావు, అన్నం తిన్నావో లేదో.

కొలిచేటప్పుడు కేబుల్ పీకకు. జనరేటర్ పోతే 54 ఒక్కటే మిగిలి, సరిచేసిన బోర్డు కూడా మళ్లీ 60 మిల్లీవోల్టులకి పైనే చూపిస్తుంది. అవుట్‌పుట్ బటన్ ఆఫ్ చేసినా అంతే, చాలావాటిలో లోపల రిలే తెరుచుకుంటుంది. ఆన్‌లోనే ఉంచి డీసీ సున్నా ఇచ్చి కొలిచి, రెండు అంకెలూ నాకు వాట్సాప్‌లో పెట్టు.

మీ మామయ్య