కుడి, ఎడమ పిత్తనాళాలు కలిసే చోట క్యాన్సర్: రోబోకి ముందు చూడాల్సినవి

నాన్నగారికి పిత్తనాళాలు కలిసే చోట క్యాన్సర్, బిలిరుబిన్ (రక్తంలో కామెర్ల స్థాయి) 16, వచ్చే వారమే రోబోటిక్ ఆపరేషన్ అంటున్నారు, ఒప్పుకోవచ్చా అని అడిగారు కదండీ. రోబో సంగతి తర్వాత, ముందు ఆ 16 దిగాలి.

ఇక్కడి గడ్డకి నాళం ఒక్కటే తీస్తే చాలదు. సాధారణంగా కాలేయంలో కుడి లేదా ఎడమ భాగం, కాడేట్ లోబ్ (కాలేయం వెనకవైపు ఉండే చిన్న భాగం), లింఫ్ గ్రంథులు కూడా తీసి, మిగిలిన నాళాన్ని చిన్నపేగుకి కుడతారు. ఇంత కామెర్లతో పెద్ద ముక్క కోస్తే మిగిలిన కాలేయం చేతులెత్తేయొచ్చు. అందుకే మిగలబోయే వైపు పిత్తనాళంలో స్టెంట్ (పిత్తం పారేందుకు సన్నని గొట్టం) వేసి బిలిరుబిన్ దించుతారు, కొన్ని వారాలు పడుతుంది. స్టెంట్‌కి ముందే ఎంఆర్‌సీపీ (పిత్తనాళాల ఎంఆర్‌ఐ స్కాన్), సీటీ తీయించండి. తర్వాత తీస్తే గడ్డ హద్దు సరిగా తేలదు. మిగిలే కాలేయం 40 శాతం లోపుంటే తీసేసే వైపు పోర్టల్ సిరను (పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే సిర) మూసి, 3–4 వారాలు రెండో వైపు పెరగనిస్తారు. మధ్యలో చలిజ్వరం వస్తే స్టెంట్ మూసుకుపోయి ఉండొచ్చు, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

రోబో ముఖ్యంగా పనికొచ్చేది సన్నని నాళాలకు కుట్లు వేసేటప్పుడు. గడ్డ రక్తనాళాలను పట్టుకుని ఉంటే పొట్ట తెరిచి చేయడమే మేలు. ఇదే చోటి గడ్డకి రోబోతో ఎన్ని చేశారో, ఎన్నిట్లో మధ్యలో పొట్ట తెరవాల్సి వచ్చిందో సర్జన్‌ని అడగండి. విపుల్ (Whipple) ఆపరేషన్ కేసుల లెక్క చెబితే ఒప్పుకోకండి, అది క్లోమం తల భాగాన్ని తీసే వేరే ఆపరేషన్.