పెడళ్లున్నంత మాత్రాన సైకిల్ అయిపోదు: బీమా లేని బండి, దాని మీద అప్పు

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేడేళ్లు. కాలేజీకి వెళ్లి రావడానికి రెండు నెలల క్రితం ఆన్‌లైన్‌లో ఒక ఈ-బైక్ కొన్నాను. లైసెన్సు, రిజిస్ట్రేషన్, బీమా ఏవీ అక్కర్లేదని ప్రకటనలో ఉంది. క్రెడిట్ కార్డు మీద 18 వాయిదాలకు తీసుకున్నాను. మోటారు 1,500 వాట్లు. పెడల్ తొక్కకుండానే గంటకు 50 కిలోమీటర్లు వెళ్తోంది. అది మోటార్‌సైకిల్ కిందికే వస్తుందని ఇప్పుడు కొందరు అంటున్నారు. నా దగ్గర నాలుగు నెలల ఖర్చులకు సరిపడా అత్యవసర నిధి ఉంది. దానితో కార్డు బాకీ తీర్చేయమంటారా, లేక పర్సనల్ లోన్ తీసుకుని అసలైన ఎలక్ట్రిక్ మోటార్‌సైకిల్ కొనమంటారా?

జవాబు: మీరు అప్పు గురించి అడిగారు, నిధి గురించి అడిగారు. ఆ బండి తగిలి దారిన పోయే మనిషి కాలు విరిగితే పరిహారం ఎవరు కట్టాలన్న ప్రశ్న మాత్రం అడగలేదు. ఈ-బైక్ అన్న పేరు చూసి, బీమా అవసరం లేదని నమ్మి, అప్పు చేసి కొనే కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టే మీ ప్రశ్నను ఎంచుకున్నాను. ముందుగా తాళం చెవి మీ దగ్గర పెట్టుకోండి. ఆ బండి ఏ కోవకు చెందుతుందో తేలేదాకా మీ అబ్బాయి దానిని రోడ్డెక్కించకూడదు.

అది మోటార్‌సైకిల్ కిందికే వస్తుందని మీతో అన్నవారి మాటే సరైనదని నా అభిప్రాయం. యూరోపియన్ యూనియన్‌లోనూ, బ్రిటన్‌లోనూ సైకిల్‌గా లెక్కకు రావాలంటే మోటారు నిలకడ శక్తి, అంటే ఆగకుండా ఇవ్వగలిగే శక్తి, 250 వాట్లు దాటకూడదు, గంటకు 25 కిలోమీటర్ల దగ్గర మోటారు సాయం ఆగిపోవాలి. అమెరికాలో 2002 నాటి ఫెడరల్ చట్టం పనిచేసే పెడళ్లు, 750 వాట్ల లోపు మోటారు, మోటారు ఒక్కదానితోనే గంటకు 20 మైళ్ల లోపు వేగం ఉండాలంటుంది. అక్కడ అనేక రాష్ట్రాలు పాటించే మూడు తరగతుల పద్ధతిలో గంటకు 28 మైళ్ల వేగం దాకా వెళ్లే తరగతికి కూడా పెడల్ తొక్కుతున్నంతసేపే మోటారు సాయం అందాలి. భారతదేశంలో మోటారు వాహనం కాదనిపించుకోవాలంటే, ఇతర షరతులతో పాటు, 30 నిమిషాల శక్తి (మోటారు అరగంట పాటు నిలకడగా ఇవ్వగలిగేది) 0.25 కిలోవాట్ కంటే, గరిష్ఠ వేగం 25 కిలోమీటర్ల కంటే తక్కువగా ఉండాలి. మీ బండి శక్తి, వేగం వీటిలో ఏ ఒక్క పరిమితికీ లోబడి లేవు. ప్రకటనలో ఎక్కడో చిన్న అక్షరాలలో ‘ఆఫ్-రోడ్ వినియోగానికి మాత్రమే’ (అంటే రోడ్డు మీద నడపడానికి కాదు) అని రాసి ఉందేమో చూడండి; ఉంటే, అమ్మినవారు బాధ్యతను మీ నెత్తిన పెట్టి తప్పుకున్నట్టే.

పోనీ, మోటార్‌సైకిల్‌గానే రిజిస్టర్ చేయిద్దామంటే అదీ సులువు కాదు. రోడ్డు మీద తిరిగే మోటారు వాహనానికి తయారీ దశలోనే ఆమోదం ఉండాలి. బ్రేకులు, దీపాలు, అద్దాలు, ఛాసిస్ నంబరు అన్నీ నిర్ణీత ప్రమాణాలకు సరిపోవాలి. ఆ పత్రాలు లేకుండా బయటికి వచ్చిన బండికి తర్వాత నంబరు తెచ్చుకోవడం దాదాపు అసాధ్యం. అలా రిజిస్టర్ చేయించలేని బండికి మోటారు బీమా కూడా సాధారణంగా దొరకదు. ఇంటి బీమాలో ఇతరులకు కలిగే నష్టానికి రక్షణ ఉన్నా, అది సాధారణంగా మోటారు వాహనాలను మినహాయిస్తుంది. సైకిళ్లకిచ్చే పాలసీ, చట్టం సైకిల్‌గా ఒప్పుకున్న వాటికే వర్తిస్తుంది. అంటే మీ అబ్బాయి ఇన్నాళ్లూ ఏ రక్షణా లేకుండా తిరిగాడు.

ఇక్కడ నేను కొంచెం గట్టిగా చెప్పక తప్పదు. బండి పాడైతే పోయేది దాని ధర మాత్రమే. అది మీరు భరించగలరు. కానీ సంపాదించే వయసులో ఉన్న మనిషికి శాశ్వత వైకల్యం కలిగితే, పరిహారాన్ని మీ బండి ధరను బట్టి కాక, ఆయన కోల్పోయిన సంపాదనను, చికిత్స ఖర్చును బట్టి లెక్కకడతారు. దానికి పై పరిమితి మీ జీతం కాదు, మీ పొదుపు కాదు. నాలుగు నెలల నిధి మాట అటుంచి, నలభై నెలల నిధి ఉన్నా ఆ లెక్కకు చాలకపోవచ్చు. అందుకే ఉద్యోగం పోతే అత్యవసర నిధి, ఇతరులకు హాని జరిగితే బీమా అని నేను వేరువేరుగా చెబుతుంటాను. ఒకటి ఉందన్న ధైర్యంతో రెండోదాన్ని వదిలేయడానికి వీల్లేదు. నడిపినవాడు మైనరు కావడం విషయాన్ని ఇంకా బిగిస్తుంది. భారతదేశంలో మోటారు వాహనాల చట్టానికి 2019 సవరణతో వచ్చిన 199ఏ సెక్షన్ ప్రకారం, మైనరు చేసిన మోటారు వాహన నేరానికి సంరక్షకుడికి లేదా వాహన యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు.

ఇక అప్పు సంగతి. ఒక బండికి వాయిదాలు నడుస్తుండగానే ఇంకో బండికి పర్సనల్ లోన్ తీసుకోవాలన్న ఆలోచన మానుకోండి. పోలీసులు బండిని స్వాధీనం చేసుకున్నా కార్డు వాయిదా ఆగదు. రోడ్డెక్కని బండికి ఇంకా 16 నెలలు కట్టాలని మీకు ఇప్పుడే తెలిసింది. దాని పక్కన రెండో వాయిదాను నిలబెట్టడం పొరపాటును రెట్టింపు చేయడమే అవుతుంది. అత్యవసర నిధిని కూడా కార్డు బాకీకి వాడకండి. నాలుగు నెలలు అసలే తక్కువ.

మీకు మిగిలిన మంచి దారి వాపసు. వస్తువును తప్పుగా వర్ణించి అమ్మారని అమ్మకందారుకు ఈ రోజే లిఖితపూర్వకంగా తెలియజేసి, ప్రకటన స్క్రీన్‌షాట్లను, మోటారు మీది శక్తి ముద్ర ఫోటోను జతచేయండి. కార్డుతో చెల్లించారు కాబట్టి కార్డు ఇచ్చిన బ్యాంకులోనూ వివాదం నమోదు చేయండి; ఇలాంటి ఫిర్యాదులకు గడువు ఉంటుంది, రెండు నెలలు ఇప్పటికే గడిచాయి. వాపసు కుదరకపోతే నష్టానికి అమ్మేయవచ్చు గానీ, కొనేవారికి అది రోడ్డు మీద నడపడానికి పనికిరాదని రాసి ఇవ్వండి. మీరు మోసపోయిన మాటతోనే మరొక కుటుంబానికి దాన్ని అంటగట్టకూడదు.

అబ్బాయికి పరిమితుల్లో ఉన్న పెడల్ సాయపు సైకిల్ సరిపోతుంది. కార్డు బాకీ తీరాక రొక్కంతో కొనండి. కొనే ముందు మోటారు వాట్లు, గరిష్ఠ వేగం, పెడల్ లేకుండా నడుస్తుందా లేదా అన్న మూడు వివరాలు రాసి, ఇతరులకు జరిగే హానికి మీ పాలసీ వర్తిస్తుందా అని బీమా కంపెనీని ఈమెయిల్‌లో అడగండి. ఏజెంటు ఫోన్‌లో చెప్పిన మాట చాలదు. కంపెనీ జవాబు రాతపూర్వకంగా చేతికి వచ్చాకే డబ్బు కట్టండి.