గిన్నె వద్దంది, పొడి పుచ్చుకుంది

ప్రశ్న: మాస్టారూ, లోహపు గిన్నెలు మైక్రోవేవ్ ఓవెన్‌లో పెట్టొద్దంటారు. ఇంజినీరింగ్ చదివే మా అబ్బాయేమో, రాకెట్లలో అల్యూమినియం పొడి బాగా మండటానికి మైక్రోవేవ్‌లనే వాడి చూస్తున్నారంటాడు. లోహం వాటిని తిప్పికొడుతుంది కదా?
– ఒక పాఠకురాలు, సూళ్లూరుపేట

జవాబు: అమ్మా, మీరు విన్నదీ నిజమే, మీ అబ్బాయి చెప్పిందీ నిజమే. తేడా అంతా లోహం ఎంత సైజులో ఉందన్నదాన్ని బట్టే.

ఓవెన్‌లో పుట్టే 2.45 గిగాహెర్ట్జ్ తరంగాలు అల్యూమినియంలోకి రెండు మైక్రాన్ల లోతు కూడా దిగలేవు. మిల్లీమీటరులో వెయ్యో వంతు మైక్రాన్. గిన్నె మందం ముందు అదెంత? అందుకే గిన్నె తిప్పికొడుతుంది. అదే లోహం కొన్ని మైక్రాన్ల రేణువులుగా ఉంటే, లోపలిదాకా సుడి ప్రవాహాలు, అంటే సుడిలా తిరిగే కరెంటు పుట్టి రేణువు వేడెక్కుతుంది. 1999లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో, మన రాంచీలో పుట్టిన రుస్తుం రాయ్ బృందం లోహపు పొడిని మైక్రోవేవ్‌లో కాల్చి గట్టి ముక్కగా చేసి చూపించింది. నేనప్పుడు కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. ఆ సంగతి తెలిసిన మర్నాడు సిలబస్ పక్కన పెట్టి, పీరియడ్ అంతా దాని గురించే మాట్లాడాను.

ఇక మండటం సంగతి. అల్యూమినియానికి గాలి తగలగానే పైన కొన్ని నానోమీటర్ల ఆక్సైడ్ పొర కడుతుంది. లోపలి లోహం 660 డిగ్రీలకే కరుగుతుంది. పొర కరగాలంటే 2,000 డిగ్రీలు దాటాలి. దీపావళి చిచ్చుబుడ్డిలో తెల్లటి రవ్వలు ఆ పొరని గెలిచిన అల్యూమినియం పొడివే. రాకెట్ ఇంధనంలో ఇంకో చిక్కు: రేణువులు మండేచోట కరిగి ఒకదానికొకటి అంటుకుని పెద్ద బొట్లవుతాయి. అవి నిదానంగా మండుతాయి, కొన్ని పూర్తిగా మండకుండానే బయటికి పోతాయి.

మైక్రోవేవ్ పనికొచ్చేది ఇక్కడే. చల్లగా ఉన్న ఆక్సైడ్ దాన్ని పెద్దగా పట్టించుకోదు గానీ, కరిగాక బాగా పీల్చుకుంటుంది. మంటలో తిరిగే ఎలక్ట్రాన్లనూ మైక్రోవేవ్ ఊపుతుంది. అవి చుట్టూ ఉన్న వాయువును ఢీకొని మంట వేడి పెంచుతాయి. ఎలక్ట్రాన్లు చాలకపోతే సోడియం ఇస్తుంది. పొయ్యిలో ఉప్పు పడితే మంట పసుపుపచ్చగా మారుతుందే, అదే సోడియం. అమెరికాలోనే అయోవా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు అల్యూమినియం ఇంధనంలో కొద్దిగా సోడియం నైట్రేట్ కలిపి, మైక్రోవేవ్ ఇచ్చినప్పుడు అది మరింత వేగంగా మండేలా చేశారు.

మీ పక్కనే శ్రీహరికోట కాబట్టి దీని విలువ మీకు తేలిగ్గా తెలుస్తుంది. పీఎస్‌ఎల్‌వీ మొదటి దశలో సుమారు 138 టన్నుల ఘన ఇంధనం రెండు నిమిషాల్లోపే మండిపోతుంది. ఒకసారి అంటుకున్నాక గ్యాస్ స్టవ్‌లా సిమ్‌లో పెట్టడం కుదరదు. మైక్రోవేవ్‌తో మంట పెంచి తగ్గించగలిగితే ఘన ఇంధనానికీ ఒక నాబ్ దొరికినట్టే. నాకు దీనిమీద ఇంత ఆశ అందుకే. కానీ ఇప్పటిదాకా జరిగినవి ల్యాబ్‌లో చిన్న ముక్కల మీదే. పైగా ఆ మొదటి దశ గొట్టం ఉక్కుది. బయటి నుంచి తరంగాలు పంపితే మళ్లీ మీ గిన్నె కథే. లోపలికి వేరే దారి కనిపెట్టాలి.

ఒక్కమాట. అబ్బాయి ఇంట్లో ఓవెన్‌లో అల్యూమినియం పొడి పెట్టి చూస్తానంటే ఒప్పుకోకండి. ఆ మంట మీద నీళ్లు పోస్తే హైడ్రోజన్ పుట్టి ఇంకా రేగుతుంది.